మంచు మీద పసిపిల్ల: పతకం ఎవరికి, దెబ్బలు ఎవరికి?

మన ఫోన్లల్ల ఒక తీరు వీడియోలు మస్తుగ తిరుగుతుంటయి. ఏడెనిమిదేండ్ల పిల్ల. మెరిసే గౌను, బిగించి కట్టిన కొప్పు, కాళ్లకు కత్తుల బూట్లు. తెల్లటి మంచు మీద జారుకుంట వచ్చి, గాలిల లేసి, రెండు సుట్లు తిరిగి, ఒంటికాలి మీద దిగుతది. కింద కామెంట్లు జూడుండ్రి. "ఏం పిల్లరా బై" అని ఒకడు. "మన పిల్లలు ఫోన్లు పట్టుకొని కూసుంటరు, గా పిల్లను జూసి నేర్సుకోవాలె" అని ఇంకొకడు.

గా ఆటను ఫిగర్ స్కేటింగ్ అంటరు. మన దిక్కు మంచు పడదు, మన ఊర్లె గా ఆట ఆడెటోళ్లు లేరు. మరి మనకెందుకు గీ ముచ్చట అని అడగొచ్చు. పసిపిల్లలను పెద్ద పోటీకి దించితె ఏమైతదో, లాభం ఎవరికి పోతదో, నొప్పి ఎవరికి మిగులుతదో గీ ఆటల తేటతెల్లంగ కనబడుతది. అదంత కెమెరాల ముందటనే జరిగింది. మన తమ్ముడో చెల్లెనో రేపు ఏదన్న అకాడమీకి పోతరు, ఏదన్న టీవీ డ్యాన్స్ షోకు పోతరు. గప్పుడు ఏం అడగాల్నో తెలువాలంటె గీ మంచు ముచ్చట జర ఓపికతోని సదువుండ్రి.

ఆట ఎట్లుంటది?

పెద్ద పోటీలల్ల మంచు మైదానం 60 మీటర్ల పొడుగు, 30 మీటర్ల వెడల్పు. నేల కింద పైపులల్ల సల్లటి ద్రవం పారిస్తరు, పైన పోసిన నీళ్లు గడ్డకడతయి. బూటు కింద ఉండే ఇనుప పట్టీ నాలుగు మిల్లీమీటర్ల మందం అటిటు ఉంటది. దాని అడుగున నడుమ సన్నటి కాలువ లెక్క గీసి ఉంటది, అందుకే ఒక్క పట్టీకే రెండు అంచులు. ముందు భాగాన రంపం పండ్ల లెక్క పండ్లుంటయి. ఏ అంచు మీదికెల్లి లేసిండ్రు, పండ్లు గుచ్చి లేసిండ్రా లేదా అన్నదాన్ని బట్టి దుముకుడుకు పేరు. టో లూప్, సాల్కౌ, లూప్, ఫ్లిప్, లట్జ్, ఆక్సెల్ అని ఆరు తీర్లున్నయి. ఆక్సెల్ ఒక్కటే ముందుకు జూసుకుంట లేసేది, అందుకే దాంట్ల అర సుట్టు ఎక్కువ తిరగాలె. అన్నిట్ల కష్టం అదే.

పెద్దోళ్ల పోటీల ఒక్కొక్కలు రెండుసార్లు ఆడాలె. మొదటిది 2 నిమిషాల 40 సెకండ్ల ఆట, రెండోది 4 నిమిషాల ఆట. పాటకు తగ్గట్టు దునుకుడు, గిరగిర తిరుగుడు, అడుగులు అన్నీ ఉండాలె. సూసెటోళ్లకు నాట్యం లెక్క కొడుతది. ఆడెటోళ్లకు కుస్తీ లెక్క ఉంటది.

పిల్ల మొదటి పోటీ

అమెరికాల గీ ఆట నేర్పుటానికి ఒక బడి పద్ధతి ఉంది. మూడు నాలుగేండ్ల పిల్లల సంది మొదలువెడతరు. మొదటి పాఠం ఏందో తెలుసా? పడుడు, లేసుడు. పక్కకు ఒరిగి ఎట్ల పడాలె, మోకాలు మీద చెయ్యి పెట్టి ఎట్ల లేవాలె. ఆ తర్వాతనే నడక, జారుడు, వెనుకకు జారుడు. ఒక్కొక్క మెట్టు పాసైతె ఇంకో మెట్టు.

కొన్ని మెట్లెక్కినంక సిన్న పోటీలు ఉంటయి. ఒకే వయసు, ఒకే మెట్టు పిల్లలను నలుగురైదుగురిని ఒక గుంపు చేస్తరు. అందరు కలిసి కొన్ని నిమిషాలు మంచు మీద తిరిగి కాళ్లు వెచ్చజేసుకుంటరు. తర్వాత అందరిని బయటికి పిలుస్తరు. మైకుల ఒక పేరు వినబడ్తది. ఆ పేరు పిల్ల ఒక్కతే లోపలికి పోతది.

గీ "ఒక్కతే" అన్న మాట దగ్గర జర ఆగుండ్రి. కబడ్డీల ఏడుగురుంటరు. కూత పోయి పట్టుబడితె ఎన్కున్నోళ్లు ఆడతరు. క్రికెట్ల ఒకడు డక్కవుటైతె ఇంకో పది మంది ఉంటరు. గీ ఆటల ఆరేండ్ల పిల్ల అంత పెద్ద తెల్ల మైదానం నడుమ ఒంటరిగ నిలవడ్తది. సుట్టూ జనం, ఒక దిక్కు జడ్జీలు, అంచుకు కోచ్, మీద యాడనో అమ్మ నాయిన. పాట మొదలైతది. నడుమ పడితె పాట ఆగదు. పిల్ల లేసి, గౌనుకు అంటిన మంచు దులుపుకొని, పాటను ఉరికి అందుకోవాలె. ఏడుపొచ్చినా నవ్వు మొకం పెట్టాలె.

మంచి కోచ్ చేతుల పడ్డ పిల్లకు గీ ఒక్క నిమిషం జిందగీ మొత్తానికి పనికొచ్చే పాఠమైతది. పడ్డా లేవొచ్చు, అందరు జూస్తున్నా లేవొచ్చు అని ఒంటికి తెలుస్తది. నేను ఆటను వద్దంటలేను. పిల్లలు ఉరకాలె, దునకాలె, పోటీ పడాలె. మరి ఆట యాడిదాక ఆట, యాడికెల్లి అది పిల్లను నమిలే గానుగ అయితదన్నదే ఇక్కడ అసలు సవాలు.

మార్కుల లెక్క

2002ల అమెరికాల సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ జరిగినయి. జోడీల పోటీల జడ్జీలు కూడబలుక్కున్నరని పెద్ద లొల్లి అయింది. రష్యా జోడీతోని పాటు కెనడా జోడీకి సుత బంగారు పతకం ఇయ్యాల్సి వచ్చింది. దాంతోని 6 మార్కులకు వేసే పాత పద్ధతిని ఎత్తేసిండ్రు. ఒక్కొక్క దుముకుడుకు ఒక రేటు కట్టిండ్రు.

రేటు అంటె నిజంగ రేటే. ఒక్క సుట్టు ఆక్సెల్‌కు 1.1. రెండు సుట్ల ఆక్సెల్‌కు 3.3. మూడు సుట్ల ఆక్సెల్‌కు 8. నాలుగు సుట్ల టో లూప్‌కు 9.5, నాలుగు సుట్ల లట్జ్‌కు 11.5. ఎంత సక్కగ చేసిండ్రన్నదాన్ని బట్టి దాని మీద కలుపుడు, తీసేసుడు ఉంటది. మామూలుగ పడితె ఒక మార్కు కోత.

ఇగ మీరే లెక్కెయ్యుండ్రి. నాలుగు సుట్లు తిరిగి లడాయించినోళ్లకు పెద్ద రేటు పలుకుతది. మరి నాలుగు సుట్లు ఎవరి ఒళ్లు తిరుగుతది?

సిన్న ఒళ్లే ఎందుకు?

ఒప్పులకుప్ప ఆడినోళ్లకు గిది పుస్తకం లేకుంటనే సమజైతది. ఇద్దరు ఆడపిల్లలు చేతులు పట్టుకొని ఎన్కకు ఒరిగి తిరుగుతుంటె ఒక వేగం ఉంటది. చేతులు దగ్గరికి గుంజుకుంటె గిర్రున వేగం పెరుగుతది. తిరిగే వస్తువుల బరువు ఇరుసుకు ఎంత దగ్గరుంటె అంత జోరుగ తిరుగుతది. స్కేటింగ్‌ల దునికినంక గాలిల ఉండేది అర సెకండు మీద జరంత. గంతల నాలుగు సుట్లు తిరగాలంటె ఒళ్లు సన్నటి కట్టె లెక్క ఉండాలె. భుజాలు, నడుము ఎడల్పైతె, ఎత్తు పెరిగితె, తిరుగుడు నెమ్మదైతది.

పదమూడేండ్ల పిల్ల ఒళ్లు గా లెక్కకు సరిపోతది. తర్వాత ప్రకృతి తన పని తాను చేస్తది. మన ఇండ్లల్ల ఆడపిల్ల పెద్దమనిషైతె నువ్వులు, బెల్లం, కుడుక తినవెట్టి, సుట్టాలను పిలిచి పండుగ చేస్తరు. గీ ఆటల ఆడపిల్ల పెద్దమనిషయ్యే దినమంటె భయం. నిన్నటిదాక వచ్చిన దుముకుడు ఇయ్యాల రాదు. నడుము మారింది, బరువు మారింది, నిలకడ మారింది. మొగపిల్లలకు ఉల్టా. వయసొచ్చినా కొద్ది కండ పెరుగుతది, దుముకుడు ఎత్తైతది. అందుకే మొగోళ్లల్ల నాలుగు సుట్లు ఇరవై ఏండ్లోళ్లు సుత అలకగ కొడతరు, ఆడోళ్లల్ల మాత్రం పసిపిల్లలే ముందుకొచ్చిండ్రు.

ఆ పెరుగుడును ఆపాలంటె ఏం చేస్తరు? తిండి తగ్గిస్తరు. దానికి ఆట ఎక్కువ, బువ్వ తక్కువ. 2014ల అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కూర్సోవెట్టిన డాక్టర్లే గీ రోగానికి ఒక పేరు పెట్టి హెచ్చరించిండ్రు. ఖర్చయ్యే శక్తికి సరిపోను తిండి లేకుంటె నెలసరి ఆగుతది, ఎముకలు గుల్లబారుతయి, మనసు కుంగుతది. అటు దిగే కాలు మీద ఒంటి బరువుకు ఐదు రెట్లకు మించి దెబ్బ పడుతది. పిల్లల ఎముకల కొసలు ఇంక మెత్తగనే ఉంటయి. రోజుకు పదులసార్లు అదే కాలు మీద దిగుడు. మడిమ, మోకాలు, నడుము, ఇట్ల ఒకటొకటి పోతయి.

పాత ముచ్చటనే

పసిపిల్లలు దిగుడు నిన్న మొన్నటిది కాదు. 1924ల ఫ్రాన్స్‌ల షమోనీల మొదటి శీతకాల ఒలింపిక్స్ జరిగితె నార్వే నుంచి సోన్యా హెనీ అనే 11 ఏండ్ల పిల్ల వచ్చింది. ఎనిమిది మందిల ఎనిమిదో స్థానం. ఆట నడుమ ఆగి అంచుకు పోయి ఇప్పుడేం చెయ్యాల్నని కోచ్‌ను అడిగిందట. పిల్ల కదా! తర్వాత 1928, 1932, 1936ల మూడుసార్లు బంగారం గెలిచి హాలీవుడ్‌కు పోయింది.

గప్పటి పిల్లలకు, ఇప్పటి పిల్లలకు తేడా ఉంది. హెనీ కాలంల దుముకుళ్లు ఒక్క సుట్టువే. మంచు మీద గీతలు సక్కగ గీసుడే పెద్ద విద్య. సుట్లు పెరిగినా కొద్ది పసి ఒంటి మీద బరువు పెరిగింది. 1998ల జపాన్‌ల నగానోల అమెరికా పిల్ల తారా లిపిన్‌స్కీ 15 ఏండ్లకే బంగారం గెలిచింది. 2014ల రష్యా సోచీల యూలియా లిప్నిత్స్కయా 15 ఏండ్లకు ఎర్ర గౌనుల ఆడితె ప్రపంచమంత కండ్లార్పకుంట జూసింది. 2017ల, 19 ఏండ్లకు, ఆట ఇడిచిపెట్టింది. తిండి సయించని రోగానికి దవాఖానల చికిత్స తీసుకున్న అని ఆ పిల్లనే బయటికి చెప్పింది.

2018ల కొరియా ఒలింపిక్స్‌ల ఇంకో సంగతి. ఆట రెండో సగంల దునికితె 10 శాతం ఎక్కువ మార్కులని నియమం ఉండె. అలిసిపోయినంక దునుకుడు కష్టం కదా, అందుకని. 15 ఏండ్ల అలీనా జగితోవా కోచ్ ఏం చేసిందంటె, దుముకుళ్లన్నీ రెండో సగంలనే పెట్టించింది. జగితోవాకు 239.57, అదే కోచ్ దగ్గర నేర్సుకున్న 18 ఏండ్ల మెద్వెదేవాకు 238.26. బంగారానికి, వెండికి నడుమ 1.31. తర్వాత ఆ నియమాన్ని కుదించిండ్రు. గా జగితోవా సుత మరుసటేడు డిసెంబర్‌ల, 17 ఏండ్లకు, పోటీలకు దూరం జరిగింది. నియమాలు రాసేది పెద్దోళ్లు, సందు యాడున్నదో ఎతికేది పెద్దోళ్లు. దాంట్లకెల్లి దూరి పోవాల్సింది పిల్లల ఒళ్లు.

బీజింగ్‌ల ఏం జరిగింది?

2022 ఫిబ్రవరి 7. బీజింగ్ ఒలింపిక్స్. 15 ఏండ్ల కమీలా వలియేవా జట్టు పోటీల నాలుగు సుట్ల దుముకుడు దిగింది. ఒలింపిక్స్‌ల ఆడోళ్లల్ల అదే మొదటిసారి. రష్యా జట్టు మొదటి స్థానం. మరునాడు పతకాలు ఇయ్యాలె. ఇయ్యలె.

సంగతేందంటె, అంతకుముందు డిసెంబర్ 25 నాడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌ల ఆ పిల్ల దగ్గర తీసిన నమూనాల ట్రైమెటాజిడిన్ అనే మందు తేలింది. అది గుండెనొప్పి రోగులకిచ్చే మందు. ఆటగాళ్లకు నిషేధం. ఫలితం బయటికొచ్చింది జట్టు పోటీ అయిపోయినంకనే.

గుండెజబ్బు మందు 15 ఏండ్ల పిల్ల ఒంట్లకు ఎట్ల వచ్చింది? తాత మందు పొరపాటున కలిసింది అని పిల్ల తరపున చెప్పిండ్రు. 16 ఏండ్లు నిండలేదు కాబట్టి ఆమెకు చట్టంల ప్రత్యేక రక్షణ ఉందని, ఇప్పుడు ఆపితె కోలుకోలేని నష్టమైతదని క్రీడా మధ్యవర్తి కోర్టు ఫిబ్రవరి 14 నాడు ఆడనిచ్చింది. ఇక్కడ మెలిక జూడుండ్రి. తప్పు విచారణకొస్తె ఆమె చిన్నపిల్ల. మంచు మీదికొస్తె పెద్దోళ్లతోని సమానం. ఆమె గెలిస్తె అసలు పతకాల సభనే పెట్టమని ఒలింపిక్ కమిటీ ముందే చెప్పింది. గా బరువు నెత్తి మీద పెట్టుకొని పిల్ల మంచు మీదికి పోయింది.

ఫిబ్రవరి 17 నాడు రెండో ఆట. పడ్డది. లేసింది. మళ్ల పడ్డది. మొదటి స్థానంకెల్లి నాలుగో స్థానానికి జారింది. ఏడ్సుకుంట బయటికొస్తె కోచ్ ఎటెరీ టుట్‌బెరిడ్జె దగ్గరికి తీసుకొని ఓదార్చుడు పోయి, ఎందుకు ఇడిసిపెట్టినవ్, ఎందుకు కొట్లాడలె అని నిలదీసింది. అది లోకమంత టీవీల జూసింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గప్పటి అధ్యక్షుడు థామస్ బాహ్‌కే ఆ తీరు జూసి ఒళ్లు జల్లుమన్నదట.

గా రాత్రి ఇంకో ఇద్దరు పిల్లలను గూడ యాదికుంచుకోవాలె. వెండి గెలిచిన 17 ఏండ్ల త్రుసోవా ఐదుసార్లు నాలుగు సుట్లు తిరిగింది. అయినా బంగారం రాలేదని, గీ ఆటంటేనే అసహ్యమని, ఇంక మంచు ఎక్కనని ఒర్రుకుంట ఏడ్చింది. బంగారం గెలిచిన 17 ఏండ్ల షెర్బకోవా ఒక పక్కకు బొమ్మ పట్టుకొని ఒంటరిగ నిలవడ్డది. ముగ్గురు ఒకే కోచ్ పిల్లలు. ఓడినామె ఏడ్చింది, వెండి గెలిచినామె ఏడ్చింది, బంగారం గెలిచినామెకు సంబురపడెటోళ్లు పక్కన లేరు. గది ఎసొంటి గెలుపో మీరే చెప్పుండ్రి.

2024 జనవరి 29 నాడు తుది తీర్పు వచ్చింది. మందు తెలువకుంట ఒంట్లకు పోయిందని నిరూపించలేకపోయింది కాబట్టి నాలుగేండ్ల నిషేధం, 2021 డిసెంబర్ 25 సంది లెక్క. జట్టు బంగారం అమెరికాకు పోయింది. నిషేధం పడ్డది పిల్ల పేరు మీద. కోచ్ పేరు మీద పడలె. పసిపిల్లకు గుండె మందు తనంతట తాను యాడికెల్లి దొరుకుతది అన్న సవాలు అట్లనే గాలిల ఉంది.

వయసు గీత

2022 జూన్ 7 నాడు థాయ్‌లాండ్‌ల ఫుకెట్‌ల అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం కూడింది. పెద్దోళ్ల పోటీలకు వయసు 15 ఉండె. దాన్ని 2023-24ల 16, 2024-25 సంది 17 చెయ్యాలని 100 ఓట్లు పడ్డయి. వద్దని 16.

దీని మీద రెండు తీర్ల మాటలున్నయి, రెండూ ఇనాలె. వద్దనెటోళ్లు అనేదేందంటె, కొంతమంది పిల్లలకు 15, 16 ఏండ్లే మంచి కాలం, ఒలింపిక్స్ నాలుగేండ్లకోసారి వస్తయి, వాళ్ల అవకాశం పోతది కదా అని. అది అబద్ధం కాదు. ఇంకొక చిక్కు గూడ ఉంది. పిల్లల అంతర్జాతీయ పోటీలు 13 ఏండ్ల సంది ఉన్నయి. కాబట్టి నాలుగు సుట్ల తాలీము ఆ వయసుల ఆగదు. గీత గీసుడుతోని పిల్లల మీద ఒత్తిడి మొత్తం పోదు.

అయినా గీత కావాలంట నేను. ఎందుకంటె 13 ఏండ్లకు కాయను కోసి 16 ఏండ్లకు తొక్క పారేసే యాపారానికి అది అడ్డం పడుతది. 17 దాక పిల్ల ఆడాలంటె కోచ్‌కు ఆ పిల్ల మోకాలు అవసరం, నడుము అవసరం, మనసు అవసరం. కాపాడుకోక తప్పదు. పెద్ద ఒంటితోని గెలవలేమన్న మాట సుత నిజం కాదు. జపాన్ పడతి కావోరి సకమోతో నాలుగు సుట్లు లేకుంటనే, మూడు సుట్ల ఆక్సెల్ లేకుంటనే 2022, 2023, 2024 మూడేండ్లు వరుసగ ప్రపంచ విజేత అయింది. చివరిసారికి ఆమెకు 23 ఏండ్లు. 2014 ఒలింపిక్స్‌ల ఇటలీకి కంచు తెచ్చిన కరోలినా కాస్ట్‌నర్‌కు 27.

తిరిగొచ్చిన పిల్ల

ఇగ అలీసా ల్యూ ముచ్చట. అమెరికాల కాలిఫోర్నియా పిల్ల. తండ్రి చైనా ప్రభుత్వానికి ఎదురుతిరిగి పారిపోయి వచ్చిన మనిషి. పిల్లను ఐదేండ్లకు మంచు మీదికి తెచ్చిండు. 2019ల, 13 ఏండ్లకు, అమెరికా జాతీయ విజేత. అంత సిన్నది ఇంకొకరు అంతకుముందు లేరు. గెలుపు మెట్టు ఎక్కుతందుకు ఆ పిల్లకు అందక, పక్కన నిలవడ్డ ఇద్దరు అక్కలు చెయ్యందించి ఎక్కించిండ్రు. ఫొటో జూస్తె నవ్వొస్తది, జర ఆలోచిస్తె గుబులైతది.

2022 బీజింగ్‌ల ఆరో స్థానం. ప్రపంచ పోటీల కంచు. గా ఏప్రిల్‌లనే, 16 ఏండ్లకు, ఇంక చాలు అన్నది. ఇంటికి దూరంగ ఉండుడు, పొద్దున లేస్తె మంచు, రాత్రి దాక మంచు. తన జిందగీ తనది కాదనిపించిందని తర్వాత చెప్పుకున్నది. దోస్తులతోని ఎవరెస్ట్ బేస్ క్యాంపుకు నడిచింది. కాలేజీల చేరింది. తమ్ముళ్లు, చెల్లెండ్లతోని గడిపింది. బూట్లు ఒక మూలకు పడేసింది.

2024ల తనంతట తాను తిరిగొచ్చింది. ఈసారి షరతులు తనవి. ఏ పాట, ఏ గౌను, ఎన్ని గంటలు, ఏం తినాలె, అన్నీ తన ఇష్టం. కోచ్‌లను సుత తానే ఎంచుకున్నది. 2025 మార్చిల బోస్టన్‌ల 19 ఏండ్ల వయసుల ప్రపంచ విజేత అయింది. అమెరికా ఆడోళ్లకు 19 ఏండ్ల తర్వాత వచ్చిన బంగారు పతకమది. మంచు అదే, దుముకుళ్లు అవే. మారింది ఒకటే, వద్దు అనే హక్కు పిల్ల చేతికొచ్చింది.

పైసల ముచ్చట

ఇంకో మాట చెప్పకపోతె గీ వ్యాసం సగమే. గీ ఆట ఉన్నోళ్ల ఆట. పోటీ బూట్లు, పట్టీలు కలిపితె పెద్ద మెట్టుకు వచ్చెవరకు వెయ్యి డాలర్లు దాటుతయి. పిల్ల కాలు పెరుగుతనే ఉంటది, బూటు మారుస్తనే ఉండాలె. మంచు మీద గంటకింత, కోచ్‌కు ఇంత, ఆట కట్టెటోళ్లకు ఇంత, గౌన్లకు ఇంత, ఊర్లు తిరుగుడుకు ఇంత. ఇల్లు కుదువ పెట్టినోళ్లు, రెండు నౌకర్లు చేసినోళ్లు ఉన్నరు. రష్యాల అయితె సర్కారే పిల్లలను ఏరి పెంచుతది, దానికి బదులు పతకం కావాలంటది. తల్లిదండ్రుల అప్పు అయినా, దేశం జెండా అయినా, ఆ బరువు దిగేది పిల్ల నడుము మీదనే. "నీ కోసం గింత ఖర్చు పెట్టినం" అన్న మాట ఇన్న పిల్ల "నొప్పి లేస్తుంది" అని చెప్పదు.

మన దిక్కు జూస్తె

మన దేశంల ఒలింపిక్స్ కొలతల మంచు మైదానం డెహ్రాడూన్‌ల ఉంది. 2011 దక్షిణాసియా శీతకాల ఆటలకు కట్టిండ్రు. తర్వాత ఏండ్లకేండ్లు మూతపడి, 2025ల మళ్ల తెరుచుకున్నది. మంచు లేకపోయినా మనోళ్లు ఆగలె. గదే ఆటను చక్రాల బూట్ల మీద ఆడే హైదరాబాద్ పిల్లగాడు అనూప్ కుమార్ యామా 2010 ఏషియన్ గేమ్స్‌ల రెండు కంచు పతకాలు తెచ్చిండు, 2015ల అర్జున అవార్డు అందుకున్నడు.

వయసు గీత ముచ్చట సుత మనకు కొత్త కాదు. 2014 మే 25 నాడు నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ, గురుకులంల సదివిన మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. గప్పుడు ఆమెకు 13 ఏండ్ల 11 నెలలు. నేపాల్ దిక్కు 16 నిండాలె కాబట్టి టిబెట్ దిక్కుకెల్లి ఎక్కిండ్రు. మనమందరం ఛాతి ఇరుసుకున్నం, ఇరుసుకోవాలె గూడ. గిరిజన కూలోళ్ల బిడ్డ ఎక్కిన కొండ అది. మరి గర్వపడుకుంటనే ఒక మాట అడుగుడు తప్పు కాదు. తర్వాతి పిల్లను పంపేటప్పుడు ఆ గీత ఎందుకున్నదో అడుగుదమా, లేక దాటే దారి యాడున్నదో ఎతుకుదమా? గదే సవాలు మంచు మీద సుత.

కాబట్టి అక్కలూ, తమ్ముళ్లూ, మీ ఇంట్ల పిల్ల ఏ ఆటకు పోయినా నాలుగు మాటలు అడుగుండ్రి. ఒకటి, పిల్ల బువ్వ మీద ఎవరి పెత్తనం నడుస్తుంది? బరువు పేరు మీద తిండి ఆపుతుంటె అది తాలీము కాదు. రెండు, పిల్ల నొప్పి అంటె నమ్ముతున్నరా, నాటకమంటున్నరా? మూడు, కోచ్ తలుపులు తెరిచి నేర్పుతున్నడా, తల్లిదండ్రులను దూరం పెడుతున్నడా? కొట్టుడు, తిట్టుడు, చెయ్యకూడని చోట చెయ్యేసుడు ఉంటె సప్పుడు చెయ్యక ఊకోవద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, 2012 పోక్సో చట్టం ఉంది. నాలుగు, "రేపటి సంది నేను రాను" అని పిల్ల అంటె ఇంట్ల ఏమైతది? గీ నాలుగో దానికి జవాబు తెలిస్తె మిగిలిన మూడింటికి తెలిసినట్టే.

ఇంక మీ ఫోన్ల గా వీడియో వచ్చినప్పుడు జూడుండ్రి, మెచ్చుకోండ్రి. పసిపిల్ల గాలిల లేసుడు నిజంగనే అందమైన ముచ్చట. లైకు కొట్టే ముందు ఆ పిల్ల దిగే కాలు దిక్కు ఒకపారి జూడుండ్రి. మన ఇంటి పిల్లను గా పిల్లతోని పోల్చి తిట్టకుండ్రి. పోటీల కింద పడ్డ పిల్లకు కావాల్సింది లేపే చెయ్యి. ఎందుకు పడ్డవని అడిగే నోర్లు లోకంల మస్తుగున్నయి.